అట్టలు అచ్చయ్యాక మారిన పాటలు

పరీక్ష పేపర్లో చివరి పేజీ మీద "రఫ్ వర్క్" అని రాసి, పై నుంచి కిందకి అడ్డంగా ఒక గీత కొట్టేయడం మనందరికీ అలవాటే. దిద్దేవాళ్లు ఆ పేజీ చూడరు. నాకు మాత్రం పక్కవాడి రఫ్ వర్క్ చూడటమంటే భలే ఇష్టం (పరీక్ష అయిపోయాకే లెండి). జవాబు అందరిదీ ఒకటే ఉంటుంది. ఎక్కడ మైనస్ గుర్తు మర్చిపోయాడు, ఎక్కడ దారి తప్పి వెనక్కొచ్చాడు అన్నది మాత్రం ఆ కొట్టేసిన పేజీలోనే దొరుకుతుంది.

పాటలకి కూడా అలాంటి పేజీ ఉంటుంది. స్టూడియోలో ఒక పాటను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పాడి రికార్డు చేస్తే అది ఒక టేక్. ఒకే పాటకి రెండు టేక్‌లు ఉండొచ్చు, ఇరవై ఉండొచ్చు. అందులో ఒకదాన్ని ఎంచి ఆల్బమ్‌లో పెడతారు, అది మాస్టర్. మిగిలినవన్నీ అవుట్‌టేక్‌లు. ఒక్కోసారి పాటకి పాటే ఆల్బమ్‌లో చోటు దొరక్క మిగిలిపోతుంది, దాన్నీ అవుట్‌టేక్ అనే అంటారు. క్యాసెట్ రోజుల్లో మన సినిమాలకి "క్యాసెట్‌లో ఉంది, సినిమాలో లేదు" అనే పాటలుండేవి కదా, ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, చెప్తారు. ఇక్కడ సంగతి ఇంకో మెట్టు ముందుది. ఇవి క్యాసెట్‌లోకి కూడా రాలేదు.

అసలు అవుట్‌టేక్‌లు ఎందుకు వినాలి? బాగుంటే ఆల్బమ్‌లోనే పెట్టేవాళ్లు కదా? మెస్‌లో మా బ్యాచ్‌మేట్ ఒకడు నన్ను అడిగిన ప్రశ్న ఇది. అక్కడ సాంబార్ చల్లారిపోతోంది కాబట్టి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను. దానికి బాబ్ డిలన్ 1975 ఆల్బమ్ "బ్లడ్ ఆన్ ది ట్రాక్స్" కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. సాహిత్య క్లబ్ పత్రికలో రాక్ పాటలేంటి అనేవాళ్లకి ఒక్క మాట: ఈయనకి 2016లో నోబెల్ వచ్చింది సాహిత్యానికే.

1974 సెప్టెంబరు. డిలన్‌కి 33 ఏళ్లు. పెళ్లి జీవితం బీటలు వారుతోంది (విడాకులు 1977లో వచ్చాయి). చేతిలో చిన్న నోటుబుక్కు, అందులో పాటలు. న్యూయార్క్‌లో ఏ అండ్ ఆర్ అనే స్టూడియోకి వెళ్లాడు. ఒకప్పుడు అది కొలంబియా కంపెనీ వాళ్ల స్టూడియో. 1961లో తన మొదటి ఆల్బమ్ రికార్డు చేసింది కూడా అక్కడే. ఇంజనీరు ఫిల్ రామోన్. వాయించడానికి ఎరిక్ వైస్‌బర్గ్, ఆయన బృందం వచ్చారు. మొదటిరోజు సెప్టెంబరు 16. మనం ఊహించుకునే రికార్డింగ్ ఎలా ఉంటుంది? ముందు నొటేషన్ ఇస్తారు, రిహార్సల్ చేయిస్తారు, తర్వాత రెడ్ లైట్ వెలుగుతుంది. డిలన్ దగ్గర ఇవేవీ లేవు. గిటారుని మామూలుగా కాకుండా ఓపెన్ ట్యూనింగ్‌లో పెట్టుకుని, పాటని సరిగా నేర్పకుండానే మొదలుపెట్టేసేవాడు. ట్యూనింగ్ వేరైతే కార్డు పట్టే వేళ్ల తీరూ వేరవుతుంది. అంటే ఎదుటివాళ్లు ఆయన చేతులు చూసి పట్టుకుందామన్నా దొరకదు. ఒకరోజు గడిచేసరికి బృందంలో చాలామంది అవసరం లేదనిపించింది. బాస్ గిటారు వాయించే టోనీ బ్రౌన్ మిగిలాడు. ఆ తర్వాత చాలా పాటలకి డిలన్ గొంతు, గిటారు, హార్మోనికా, టోనీ బ్రౌన్ బాస్, అంతే. నాలుగు రోజుల్లో పని అయిపోయింది.

పాటలు వరుసలో పేర్చారు, టెస్ట్ ప్రెసింగ్ కొట్టారు. టెస్ట్ ప్రెసింగ్ అంటే వేల కాపీలు తీసే ముందు సరిచూసుకోడానికి తీసే కొన్ని రికార్డులు. మన భాషలో రిలీజ్ క్యాండిడేట్. అట్ట కూడా అచ్చుకి వెళ్లిపోయింది, వెనక జర్నలిస్టు పీట్ హామిల్ రాసిన ముందుమాటతో సహా. ఇక రిలీజే తరువాయి.

డిసెంబరులో డిలన్ సొంత రాష్ట్రం మిన్నెసోటాకి వెళ్లాడు. తమ్ముడు డేవిడ్ జిమ్మర్‌మన్‌కి ఆల్బమ్ వినిపించాడు. కొన్ని పాటలు మళ్లీ రికార్డు చేస్తే మంచిదని తమ్ముడు చెప్పాడు. మనింట్లో తమ్ముడు అలా అంటే ఏం చేస్తామో వదిలేయండి, డిలన్ మాత్రం విన్నాడు. డేవిడ్ మిన్నియాపొలిస్‌లో సౌండ్ 80 అనే స్టూడియో మాట్లాడి, ఊళ్లోనే ఉన్న కళాకారుల్ని పోగేశాడు. డిసెంబరు 27న రెండు పాటలు, 30న మూడు. పది పాటల ఆల్బమ్‌లో ఐదు మారిపోయాయి. మూడు వారాలకి, జనవరిలో, రికార్డు బయటికొచ్చి అమెరికా చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది.

ఇప్పుడు అసలు సంగతి. న్యూయార్క్‌లో పాడిన ఆ ఐదు పాటలూ చెడిపోయినవి కావు. పూర్తయినవి, ఎంపికైనవి, రికార్డు మీదకెక్కినవి. ఒక్క నిర్ణయంతో అవుట్‌టేక్‌లు అయిపోయాయి. అంటే "బాగుంటే పెట్టేవాళ్లు కదా" అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. నవంబరులో అడిగితే అవే అసలు పాటలు, జనవరిలో అడిగితే అవే రఫ్ వర్క్.

పక్కపక్కన పెట్టి వింటే ఈ తేడా చెవికి తగులుతుంది. "టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ" తీసుకోండి. ఒక జంట కలవడం, విడిపోవడం, ఏళ్ల తర్వాత మళ్లీ ఎక్కడో తారసపడటం, ఇవన్నీ వరుస తప్పి చెప్పే పాట. ఆ ఏడాది డిలన్ నార్మన్ రేబెన్ అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నాడు. నిన్న, నేడు, రేపు ఒకే బొమ్మలో కనిపించినట్టు పాట రాయడం ఆ తరగతుల తర్వాతే వచ్చిందని తనే తర్వాత చెప్పాడు. న్యూయార్క్ టేక్‌లో కథ చాలావరకు "అతను" అని సాగుతుంది. ఎవరో మూడో మనిషి గురించి కిటికీ దగ్గర కూర్చుని చెప్తున్నట్టు, గొంతు తగ్గించి, నింపాదిగా. మిన్నియాపొలిస్ టేక్‌లో మొదటి చరణాల్లోనే "అతను" పోయి "నేను" వచ్చేశాడు. డ్రమ్స్ వచ్చాయి, వేగం వచ్చింది. అదే కథ ఇప్పుడు రోడ్డు మీద నడుస్తూ చెప్తున్నట్టుంటుంది. కథ రాసేవాళ్లకి తెలుసు, ప్రథమ పురుష నుంచి ఉత్తమ పురుషకి మారిస్తే సర్వనామాలు మార్చితే సరిపోదు, మొత్తం కథ ఊపిరి మారుతుంది. ఆ మార్పు జరుగుతుండగా చూడాలంటే ఈ రెండు టేక్‌లకి మించిన పాఠం లేదు. (అక్కడితో ఆగలేదు కూడా. 1984 నాటి "రియల్ లైవ్" కచేరీ రికార్డులో ఇదే పాట మాటలు చాలావరకు తిరగరాసి ఉంటాయి. ఈయనకి ఫైనల్ వెర్షన్ అనే మాట మీద నమ్మకం ఉన్నట్టు లేదు.)

ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే చిన్న కథ ఉంది. మిన్నియాపొలిస్‌లో గిటారు వాయించినవాళ్లలో కెవిన్ ఓడెగార్డ్ ఒకడు. పాటలు రాసేవాడు, బతుకుతెరువుకి రైల్వేలో బ్రేక్‌మన్ పని. జి కీలో ఒకసారి వాయించి చూశాక, ఎలా ఉందని డిలన్ అడిగాడట. ఓడెగార్డ్ నోరు జారి "పర్లేదు" అనే అర్థం వచ్చే మాట అనేశాడు. డిలన్ ముందు కూర్చుని, డిలన్ పాటని, పర్లేదని! అని నాలుక్కరుచుకున్నాడు. తర్వాత ధైర్యం చేసి, కీ జి నుంచి ఎ కి పెంచితే గొంతు ఇంకాస్త పైకి సాగాల్సి వస్తుంది, పాటకి ఊపొస్తుంది అని సలహా ఇచ్చాడు. పెంచారు. మనం రేడియోల్లో, ప్లేలిస్టుల్లో వినేది ఆ టేకే. ఓడెగార్డ్ ఇదంతా ఆండీ గిల్‌తో కలిసి రాసిన పుస్తకంలో చెప్పుకున్నాడు. జి నుంచి ఎ అంటే రెండు సెమీటోన్లు, ఫ్రీక్వెన్సీలో 12 శాతం పైకి. ఆ 12 శాతం ఒక బ్రేక్‌మన్ ఇచ్చింది.

క్రిస్ వెబర్ సంగతి ఇంకా తమాషా. ఆయనకి గిటార్ల కొట్టు ఉంది. డిలన్‌కి 1937 నాటి ఒక చిన్న మార్టిన్ గిటారు కావాలని కబురొస్తే, దాన్ని చూపించి వెళ్దామని స్టూడియోకి వచ్చాడు. వచ్చినవాణ్ణి డిలన్ పాట నేర్చుకోమని, నేర్చుకుని లోపలున్న వాళ్లకి కార్డులు చెప్పమని పురమాయించాడు. ఆ తర్వాత గిటారు పట్టుకుని ఆయనా రికార్డింగ్‌లో కూర్చున్నాడు. వీళ్లిద్దరితో పాటు డ్రమ్స్ బిల్ బర్గ్, బాస్ బిల్లీ పీటర్సన్, కీబోర్డు గ్రెగ్ ఇన్‌హోఫర్, మాండొలిన్ పీటర్ ఒస్ట్రూష్కో.

ఈ ఆరుగురి పేర్లూ రాయడానికి కారణం ఉంది. అట్టలు అప్పటికే అచ్చయిపోయాయని చెప్పాను కదా. పాటలు మారాయి, అట్ట మారలేదు. దాంతో సగం ఆల్బమ్ వాయించినవాళ్ల పేర్లు ఆల్బమ్ మీద లేవు. తర్వాతి ముద్రణల్లోనూ సరిచేయలేదు. 2018లో మొత్తం టేపులు విడుదల చేసినప్పుడు గానీ వాళ్ల పేర్లు అధికారికంగా అచ్చులోకి రాలేదు. 43 ఏళ్లు. అవుట్‌టేక్‌ల సెట్లు వచ్చినప్పుడు "కంపెనీ డబ్బు కోసం పాత సరుకు తవ్వుతోంది" అని తీసిపారేసేవాళ్లని చూస్తుంటాను. అది నిజం కాదనను. కానీ ఈ ఆరుగురి బాకీ తీరింది కూడా ఆ తవ్వకంలోనే.

"ఇడియట్ విండ్" గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. ఏడెనిమిది నిమిషాల పాట, ఎదుటి మనిషిని నిలదీసే పాట. మిన్నియాపొలిస్ టేక్‌లో డిలన్ పళ్లు నూరుతాడు, వెనక ఆర్గన్ హోరెత్తుతుంది. న్యూయార్క్ టేక్‌లో అదే పాట దాదాపు గొణుగుడు. తిట్టాల్సిన చోట గొంతు వణుకుతుంది. పాట చివర్లో ఒక మలుపుంది, అప్పటిదాకా "నువ్వు నువ్వు" అన్నవాడు చివరి పల్లవిలో ఆ నిందలోకి తననూ లాక్కుంటాడు. మిన్నియాపొలిస్‌లో ఆ మలుపు చెంపదెబ్బలా తగులుతుంది. అంత కోపం తర్వాత ఊహించం కదా. న్యూయార్క్‌లో మాత్రం మొదటి నుంచీ తనని తానే తిట్టుకుంటున్నాడేమో అన్న అనుమానం మనకి ముందే వచ్చి ఉంటుంది. మాటలు కొన్ని మారాయి నిజమే, కానీ అర్థం మారింది మాటల వల్ల కన్నా గొంతు వల్ల. నన్నడిగితే ఆల్బమ్‌లో ఉండాల్సింది మిన్నియాపొలిస్‌దే. అన్ని పాటలూ గుసగుసలాడుతుంటే ఒక్కటైనా అరవాలి. తమ్ముడు చెప్పింది కరెక్టే. కానీ రాత్రి ఒంటిగంటకి హాస్టల్లో ఫ్యాను చప్పుడు మధ్య నేను పెట్టుకునేది న్యూయార్క్‌దే.

"లిల్లీ, రోజ్‌మేరీ" అనే పొడవాటి కథాగీతం విషయంలో నాకు సందేహమే లేదు, బ్యాండుతో పాడిందే బాగుంది. న్యూయార్క్‌లో గిటారు, బాస్‌తో పాడింది సాగదీసినట్టు ఉంటుంది. "యూ ఆర్ ఎ బిగ్ గర్ల్ నౌ" మాత్రం మార్చకుండా ఉండాల్సింది. ఇది నా అభిప్రాయం, కామెంట్లలో కొట్టుకుందాం.

ఇక పాటకి పాటే మిగిలిపోయిన సంగతి. "అప్ టు మి" అనే ఆరు నిమిషాల పైచిలుకు పాట ఆ సెప్టెంబరులోనే పాడాడు. మంచి పాట. కానీ ట్యూను "షెల్టర్ ఫ్రమ్ ది స్టార్మ్" కి దగ్గరి చుట్టం. పైగా ఎల్పీ రికార్డుకి స్థలం కొలత ఉంటుంది. ఒక్కో వైపు పాతిక నిమిషాలు దాటిస్తే గాళ్లు ఇరుకై శబ్దం పలచబడుతుంది. ఈ ఆల్బమ్ అప్పటికే 50 నిమిషాలు దాటింది. సో, తప్పించారు. 1976లో రోజర్ మెక్‌గ్విన్ దాన్ని పాడి తన ఆల్బమ్‌లో పెట్టుకున్నాడు. డిలన్ పాడింది 1985లో "బయోగ్రాఫ్" సెట్‌లో వచ్చింది. "కాల్ లెటర్ బ్లూస్" అనే ఇంకో పాట 1991 దాకా ఆగింది. దాని ట్యూనుతోనే వేరే మాటలు పెట్టి పాడిన పాట ఆల్బమ్‌లో ఉంది. రెండూ వినండి, ఒకే చొక్కా ఇద్దరు తొడుక్కున్నట్టుంటుంది.

2018 నవంబరులో వచ్చిన సెట్ పేరు "మోర్ బ్లడ్, మోర్ ట్రాక్స్". ఆరు సీడీలు, 87 ట్రాకులు. న్యూయార్క్‌లో ఆ నాలుగు రోజులు ఏం జరిగిందో తేదీల వరుసలో మొత్తం ఉంది, మధ్యలో ఆగిపోయినవి, తడబడినవి సహా. మిన్నియాపొలిస్ నుంచి మాత్రం ఆ ఐదు పాటలే, అక్కడి తప్పిన టేక్‌లు లేవు. కమిట్ హిస్టరీ ఒక బ్రాంచ్‌కి ఉంది, ఇంకో బ్రాంచ్‌కి లేదు అన్నమాట.

మన బ్రాంచ్‌ల వాళ్లకి నచ్చే సంగతి ఒకటి ఈ సెట్‌లో బయటపడింది. 1974లో డిలన్ అడిగితే రామోన్ చాలా పాటల టేపుని 2 నుంచి 3 శాతం వేగం పెంచాడు. రేడియోలో కాస్త హుషారుగా వినిపించడానికి అప్పట్లో మామూలుగా చేసే పనే. టేపు వేగం పెంచితే పాట త్వరగా అయిపోవడమే కాదు, ప్రతి ఫ్రీక్వెన్సీ అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో వేగం, శ్రుతి విడివిడిగా మార్చుకోవచ్చు, టేపుకి ఆ వెసులుబాటు లేదు. రెండు పక్కపక్క మెట్ల మధ్య దూరం, అంటే ఒక సెమీటోను, 2 యొక్క పన్నెండో మూలం, దాదాపు 1.0595. ఆ లెక్కన 2 శాతం అంటే సెమీటోన్‌లో మూడో వంతు, 3 శాతం అంటే సగం. కాలిక్యులేటర్ తీసి చూడండి. అంటే ఆల్బమ్‌లో ఉన్న పాటతో పాటు గిటారు వాయించబోతే తంత్రుల్ని మళ్లీ శ్రుతి చేసుకుంటే తప్ప కలిసేవి కాదు, పియానో మీద ఆ స్వరం మెట్ల మధ్య సందులో పడేది. 2018 సెట్‌లో టేపుని అసలు వేగానికి తెచ్చారు, తర్వాత కలిపిన ప్రతిధ్వని తీసేశారు. గొంతు ఒక్కసారిగా బరువెక్కుతుంది. 33 ఏళ్ల మనిషి గొంతు 33 ఏళ్ల మనిషి గొంతులా వినిపిస్తుంది.

ఇంతకీ ఇవి వినే హక్కు మనకుందా? ఈ ప్రశ్న నన్ను కొంచెం ఇబ్బంది పెడుతుంది. నా ఫోన్ నోట్స్‌లో ఉన్న కవితల మొదటి డ్రాఫ్టుల్ని ఎవడైనా క్లాస్ గ్రూపులో పెడితే నేను ఆ వారం కాలేజీకే రాను. డిలన్‌కి జరిగింది అదే. ఆయన విడుదల చేయని పాటల్ని పోగేసి 1969లో ఎవరో "గ్రేట్ వైట్ వండర్" పేరుతో దొంగ రికార్డు కొట్టి అమ్మారు, రాక్ సంగీతంలో బూట్‌లెగ్‌ల వ్యాపారం దానితోనే ఊపందుకుంది. ఈ న్యూయార్క్ టెస్ట్ ప్రెసింగ్ కూడా బయటికి పొక్కి ఏళ్ల తరబడి చేతులు మారింది. 1991లో కంపెనీయే "బూట్‌లెగ్ సిరీస్" పేరుతో సొంతంగా విడుదల చేయడం మొదలుపెట్టింది. దొంగ పెట్టిన పేరే దొర వాడుకున్నాడు. ఇది డిలన్ వైపు నుంచి అనుమతితో వస్తున్నది కాబట్టి నా మనసు కాస్త కుదుటపడింది. అయినా బతికున్న మనిషి పెళ్లి విరుగుతున్న రోజుల్లో తడబడిన గొంతుని నేను మెస్‌లో ఇడ్లీ తింటూ వింటున్నానే అన్న గిల్టు పూర్తిగా పోలేదు. ఆయన మాత్రం 2004లో వచ్చిన తన ఆత్మకథలో, ఒక ఆల్బమ్ మొత్తం చెహోవ్ కథల ఆధారంగా రాశానని, విమర్శకులేమో అది తన సొంత కథ అనుకున్నారని రాశాడు. ఏ ఆల్బమో పేరు చెప్పలేదు. అందరూ దీని గురించే అనుకుంటారు. నమ్మాలో లేదో మీ ఇష్టం.

ఒకటి మాత్రం అనుకున్నాను. రాసినవాడే తన రచనకి మంచి న్యాయమూర్తి అని గ్యారంటీ లేదు. ఇదే డిలన్ 1983లో "ఇన్ఫిడెల్స్" ఆల్బమ్ కోసం "బ్లైండ్ విల్లీ మెక్‌టెల్" అనే పాట పాడి, ఆల్బమ్ నుంచి తీసేశాడు. 1991లో అది బయటికొచ్చాక, ఆయన గొప్ప పాటల్లో ఒకటని అందరూ అన్నారు. 1993లో ద బ్యాండ్ బృందం దాన్ని తమ ఆల్బమ్‌లో పాడింది. డిలన్ కచేరీల్లో పాడటం మొదలుపెట్టింది 1997లో. తన పాట దగ్గరికి తను చేరడానికి 14 ఏళ్లు పట్టింది.

వినాలనుకుంటే 87 ట్రాకులతో మొదలుపెట్టకండి, పారిపోతారు. ముందు 1975 ఆల్బమ్ ఒకసారి పూర్తిగా వినండి. తర్వాత న్యూయార్క్ "టాంగిల్డ్ అప్ ఇన్ బ్లూ", ఆ తర్వాత న్యూయార్క్ "ఇడియట్ విండ్". స్పీకర్లో కాదు, ఇయర్‌ఫోన్స్‌లో. గిటారు వెనక టకటకమని చిన్న చప్పుడు వినిపిస్తుంది. మా రూమ్మేట్ ఫైల్ కరప్ట్ అయిందని మళ్లీ డౌన్‌లోడ్ చేశాడు. అది డిలన్ కోటు బొత్తాలు గిటారు చెక్కకి తగులుతున్న చప్పుడు.